తెల్ల కణాలు తగ్గిన ఎండాకాలం

అక్క కాలి బొటనవేలికి తుమ్మముల్లు దిగి వారం దాటినా చీము పట్టలేదు. అది చూసి నేను సంతోషించాను. ముల్లు గుచ్చుకున్న చోటు మొదట ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, సలుపు రోజురోజుకూ పెరిగింది. చీము మాత్రం లేదు. "చీము పట్టలేదంటే మానుతున్నట్టే అక్కా" అని ధైర్యం చెప్పాను. ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ని నేనే కాబట్టి ఆమె నమ్మింది. ఆమె నా మాట ఎప్పుడూ నమ్మేది. ఆ ఏడు మా ఇంట్లో జరిగిన దానికంతటికీ మూలం ఆ నమ్మకమే.

మాది గరిడేపల్లి పక్కన చిన్న ఊరు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆ తర్వాత రెండేళ్లకే నాన్న పోయాడు. అక్క నాకంటే పదిహేనేళ్లు పెద్దది. పెళ్లయిన మూడో ఏడే భర్త పాము కాటుతో చనిపోతే పుట్టింటికి తిరిగొచ్చి, నాన్న వదిలి వెళ్లిన గొర్రెల మందను, నన్నూ ఒకేసారి చేతుల్లోకి తీసుకుంది. గొర్రెలను మేపింది, నన్ను సూర్యాపేటలో ఉంచి ఉర్దూ చదువు చదివించింది. అప్పట్లో నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూనే. ఆ చదువుతో మా ఊరి చిన్న బడిలోనే నాకు పంతులు ఉద్యోగం దొరికింది. పిల్లలు ఇరవై మంది, ఒకటే గది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు ఎండాకాలం అది. ఊళ్లలో సైనికుల క్యాంపులు ఉండేవి. అడవుల్లో కమ్యూనిస్టు దళాలు ఉండేవి. పగలు ఒకరు వచ్చి ప్రశ్నలు అడిగితే, రాత్రి ఇంకొకరు వచ్చి ఏం చెప్పావని అడిగేవారు. మనసు ఒకచోట నిలిచే కాలం కాదు. దానికి తోడు అక్క మోకాళ్లు. ఇరవై ఏళ్లు గొర్రెల వెంట తిరిగిన మోకాళ్లు అంతకు ముందు చలికాలంలో వాచిపోయాయి. పొద్దున్నే లేచి నిలబడటానికి గోడ పట్టుకునేది. నేను చూస్తున్నానని తెలిస్తే గోడ వదిలేసేది.

బడి పనిమీద నెలకోసారి మిర్యాలగూడ వెళ్లేవాణ్ని. అక్కడ బజారులో ఒక మందుల అంగడి ఉండేది. అక్క సంగతి చెబితే అంగడాయన ఒక సీసాలోంచి తెల్ల గోలీలు కాగితం పొట్లంలో కట్టి ఇచ్చాడు. "కీళ్ల నొప్పులకు గిదే మందు పంతులూ. జరమొచ్చినా గిదే. ఒక్కటేస్తే గంటల లేసి తిరుగుతది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. అక్క మొదటి గోలీ మింగిన సాయంత్రం గోడ పట్టుకోకుండా లేచింది. మంద దగ్గరికి నడిచి వెళ్లి, తిరిగొచ్చి, "తమ్మీ, నా కాళ్లు నాకే దొరికినట్టున్నయ్" అంది. నా బతుకులో అక్కకు నేను ఇచ్చిన మొదటి సుఖం అది. ఆ తర్వాత నాలుగు నెలలు పొట్లం అయిపోకముందే కొత్త పొట్లం తెచ్చేవాణ్ని.

ముల్లు గాయం మానకుండానే అక్కకు జ్వరం వచ్చింది. మొదట చలి. గొంగడి మీద గొంగడి కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి. తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. మరునాటికి గొంతు నొప్పి. ఆ మరునాటికి ఉమ్మి మింగలేక గిన్నెలో ఊసేది. నేను గోలీ ఇచ్చాను. గంటలో చెమట పట్టి జ్వరం దిగింది. మళ్లీ పెరిగింది. మళ్లీ గోలీ ఇచ్చాను. మూడో రోజు ఆమె నోరు తెరిస్తే కుళ్లిన వాసన వచ్చింది. పక్కింటివాళ్లకు మందను అప్పగించి, తెల్లవారకముందే బండి కట్టించి సూర్యాపేటకు బయలుదేరదీశాను. దారి పొడవునా బండిలో కూర్చోలేకపోయాను. దిగి బండి పక్కన నడిచాను. నడవలేక మళ్లీ ఎక్కాను.

సూర్యాపేటలో నేను చదువుకునే రోజుల నుంచి తెలిసిన ఒక డాక్టరు ఉండేవాడు. యుద్ధకాలంలో పటాలంలో పనిచేసి వచ్చినవాడు. తన ఇంటి ముందు గదుల్లోనే చిన్న దవాఖాన పెట్టుకున్నాడు. ఆయన దగ్గర సూక్ష్మదర్శిని ఉండేది. జిల్లాలో అలాంటిది మరి ఎందరి దగ్గర ఉందో నాకు తెలియదు. అక్కను వరండాలో చాప మీద పడుకోబెట్టాను. ఆయన వంగి, చెంచా కాడతో నాలుక నొక్కి, టార్చి వేసి చాలాసేపు చూశాడు. తర్వాత కాలి వేలు చూశాడు.

"ఇదెప్పటి గాయం?"

"పది రోజులైంది సాబ్. చీము పట్టలే" అన్నాను, అదొక్కటైనా మంచి వార్త అన్నట్టు.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "అదే పరేషాన్ చేస్తున్నది" అన్నాడు.

అక్క వేలి కొన సూదితో పొడిచి, సన్నటి గాజు గొట్టంతో నెత్తురు పీల్చాడు. దానికి ఏదో ఊదారంగు నీళ్లు కలిపి ఊపాడు. ఒక మందపాటి గాజు పలక మీద చుక్క వేసి లోపలి గదికి పోయాడు. నేను వెనకే పోయాను. ఆయన కంటిని గొట్టానికి ఆనించి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. మధ్యలో ఆగాడు. పలక కడిగి, మళ్లీ వరండాలోకి పోయి, అక్క రెండో చేతి వేలు పొడిచి మళ్లీ నెత్తురు తెచ్చాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆ గదిలో నిలబడటానికి జాగా లేదు. అయినా నేను కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"పంతులూ, ఒక్కచోట నిలబడు. నేల ఊగుతున్నది, లెక్క తప్పుతున్నది" అన్నాడాయన.

లెక్క అయ్యాక కుర్చీ నా వైపు తిప్పాడు. ఆయన నాకు ఆ రోజు చెప్పిన మాటలు ఇప్పటికీ దాదాపు అట్లాగే గుర్తున్నాయి. నెత్తురులో ఎర్ర కణాలు ఉంటాయి, తెల్ల కణాలు ఉంటాయి. ఎర్రవి అక్కకు బాగానే ఉన్నాయి, అందుకే చూడటానికి పాలిపోయినట్టు లేదు. తెల్లవి, సూది మొన మీద నిలిచేంత నెత్తురులో ఆరేడు వేలు ఉండాలి. అక్కకు తొమ్మిది వందలు ఉన్నాయి.

"టైఫాయిడ్‌ల తగ్గుతయి, మలేరియాల తగ్గుతయి. గింతగనం తగ్గవు" అన్నాడు. "చీము అంటే ఏందనుకున్నవ్? మన తెల్ల కణాలు క్రిములతోని కొట్లాడి సచ్చి కుప్పపడితే అది చీము. కొట్లాడేటోళ్లే లేకుంటే చీము యాడికెల్లి వస్తది? వేలు నల్లబడ్డది అందుకే. గొంతు కుళ్లుతున్నది అందుకే. మన నోట్ల ఎప్పుడూ ఉండే క్రిములే ఇప్పుడు ఆమెను తింటున్నయ్."

 వారం రోజులు నేను సంతోషించింది దేని గురించో అప్పుడు అర్థమైంది.

"ఏమన్న గోలీలు గిట్ల మింగిందా ఈ మధ్యల? నొప్పికో, జరానికో?" అని అడిగాడు.

"లేదు సాబ్. పసరు తాగింది, గంతే" అన్నాను.

ఎందుకు అట్లా అన్నానో యాభై ఏళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చదువుకున్నవాడివై ఉండి డాక్టరుకు చూపించకుండా అంగడి మందు తినిపించావా అని తిడతాడని భయపడ్డాను. అది ఒక కారణం. ఆ గోలీలు అక్కకు మేలు చేశాయన్నది నా కళ్లారా చూసిన నిజం, అది ఇంకో కారణం. రోగానికి కారణం వెతుకుతున్న మనిషికి రోగం తగ్గించిన మందు గురించి చెప్పడం ఎందుకులే అనిపించింది. ఆ మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన దగ్గర నాలుగు సీసాల పెన్సిలిన్ ఉంది. అప్పుడది కొత్త మందు. తెల్లటి పొడిని నీళ్లలో కలిపి మూడు గంటలకోసారి సూది వేయాలి. కలిపిన సీసా ఎండకు చెడిపోకుండా తడి ఇసుక నింపిన కుండలో పెట్టేవారు. కాంపౌండరు వచ్చి సూది వేసి వెళ్లేవాడు. కాంపౌండరు భార్య అక్కకు గంజి నీళ్లు చెంచాతో పట్టేది. సగం బయటికే వచ్చేవి.

ఆ సాయంత్రం జ్వరం మళ్లీ పెరిగింది. అక్క కళ్లు తేలేసి, ఎవరెవరినో పేర్లు పెట్టి పిలిచింది. అమ్మను పిలిచింది. నేను చూడలేకపోయాను. నా జేబులో పొట్లం ఉంది. కాంపౌండరు భార్య లోపలికి పోగానే ఒక గోలీ గోటితో నలిపి, నీళ్లలో కలిపి అక్క నోట్లో పోశాను. గంటలో చెమట పట్టింది. అక్క కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నేను డాక్టరుకంటే తెలివైనవాణ్నని ఆ గంటసేపు అనుకున్నాను.

మర్నాడు పొద్దున లెక్క ఆరు వందలు.

డాక్టరు గాజు పలక పక్కన పెట్టి తల పట్టుకున్నాడు. ఇంకో గాజు ముక్క మీద నెత్తురు పూసి, రంగు వేసి చూశాడు. "చీము కట్టే రకం ఒక్కటంటే ఒక్కటి కనబడతలేదు. ఎముకల లోపల పుట్టాల్సినయి పుడుతలేవు. ఏదో ఆపుతున్నది. ఏందది?" అని తనలో తాను మాట్లాడుకుంటూ వరండాలోకి వచ్చి అక్క నాడి పట్టుకున్నాడు. ఆమెకు అప్పుడు స్పృహ ఉంది. ముందు రోజు లోపలి గదిలో ఆయన నన్ను ఏం అడిగాడో, నేనేం చెప్పానో ఆమెకు తెలియదు. బొంగురుపోయిన గొంతుతో, నా వైపు చూసి, "తమ్మీ, గా తెల్ల గోలీ ఒకటియ్యరాదు. నిన్న ఇస్తే జర సల్లబడ్డది" అంది.

డాక్టరు ఆమె చెయ్యి మెల్లగా చాప మీద పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"ఏం గోలీ?"

జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాను. ఆయన ఒక గోలీ నాలుక కొనకు తాకించి ఊసేశాడు. లోపలి నుంచి లావుపాటి పుస్తకం తెచ్చి ఏదో పేజీ తీశాడు. "అమిడోపైరిన్" అన్నాడు. ఆ మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. "ఎన్ని నెలల సంది?"

"నాలుగు."

"నిన్న ఎన్ని?"

"ఒకటి."

ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. ఒక్క కేక వేశాడు, "పంతులువా నువ్వు!" అని. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, పొట్లాన్ని మోరీలో గుమ్మరించి నీళ్లు పోశాడు. "సూడు. ఈ మందు వందమంది మింగితే తొంభైతొమ్మిది మందికి ఏం కాదు. ఎవలో ఒకలకు తెల్ల కణాల పుట్టుక బందవుతది. ఆ ఒక్కలు ఎవలో ముందుగాల ఎవ్వలికి తెల్వదు. తెల్సినంక ఒక్క గోలీ గిన మింగినా మనిషి దక్కదు. ఇప్పుడు తెల్సింది. ఇగ ఆపినం. ఎముకల మూలుగ మళ్ల లేస్తదా లేదా అన్నది చూడాలె. అది లేసేదాక క్రిములను ఆపనీకి పెన్సిలిన్ కావాలె. నా దగ్గర సాయంత్రం దాక వస్తది."

చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. కోదాడలో ఒక మందుల కొట్టు ఉంది, కొట్టాయన బెజవాడ నుంచి తెప్పిస్తాడు, ఉన్నన్ని తీసుకురా అన్నాడు. అక్క చెయ్యి ముట్టుకుని వస్తానని చెప్పబోయాను. ఆమె కళ్లు మూసుకుంది. అప్పటికే బస్సు హారను మోగుతోంది.

అప్పటి బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక పెద్ద డ్రమ్ములో బొగ్గు మండుతుంటే ఆ పొగతో ఇంజను తిరిగేది. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులు దిగి నడవాలి. దిగమన్న ప్రతిసారీ అందరికంటే ముందు దిగి, బస్సుకంటే ముందు నడిచి, పైన నిలబడి దాని కోసం చూసేవాణ్ని. నేను ముందు నడిచినంత మాత్రాన బస్సు ముందు రాదు. తెలిసినా కాళ్లు ఆగలేదు.

కోదాడలో దిగేసరికి మిట్ట మధ్యాహ్నం. కొట్టాయన చీటీ చదివి, అల్మారా తెరిచి చూపించాడు. ఖాళీ.

"నిన్ననే అయిపోయినయ్యండీ. సాయంత్రం బెజవాడ బస్సులో సరుకు వస్తుంది. కూర్చోండి మేస్టారూ, మజ్జిగ పుచ్చుకుంటారా?" అన్నాడు.

"సాయంత్రం అంటే ఎన్ని గంటలకు?"

"ఐదూ ఆరు మధ్య వస్తుందండీ. ఒక్కోరోజు రాదు."

"రాకపోతే?"

"రాకపోతే రేపొస్తుంది. కంగారుపడితే బస్సు ముందొస్తుందా చెప్పండి?"

ఆయన మాటలో దయే ఉంది. కాని ఆ దయ నన్ను ఇంకా నిలవనీయలేదు. బస్సు ఆగే చోటికి పోయాను, తిరిగొచ్చాను. జగ్గయ్యపేట దారి వెంట మైలు దూరం ఎండలో నడిచి, దుమ్ము ఎక్కడైనా లేస్తోందా అని చూశాను. లేచిన దుమ్ము ఎద్దుల బండిది. మూడు గంటలకోసారి సూది అంటే ఇప్పటికి ఎన్ని అయి ఉంటాయి, ఎన్ని సీసాలు మిగిలి ఉంటాయి అని వేళ్లమీద లెక్కపెట్టి, మర్చిపోయి, మళ్లీ లెక్కపెట్టాను. ఒక సోడా బండివాడు నన్ను చూసి, "ఏమైంది అన్నా, ఎవరన్నా తప్పిపోయినారా?" అని అడిగాడు. అవునన్నాను.

బస్సు ఆరున్నరకు వచ్చింది. కొట్టాయన పెట్టె విప్పి పన్నెండు సీసాలు పాత గుడ్డలో, ఆ పైన తడి గోనెలో చుట్టి ఇచ్చాడు. సూర్యాపేట వైపు పోయే సామాను లారీ డ్రైవరుతో ఆయనే మాట్లాడి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. "మీ అక్కగారు లేచి కూర్చున్నాక ఒక కార్డు ముక్క రాయండి. లేకపోతే నాకు మనసాగదు" అన్నాడు.

మునగాల దాటాక దారికి అడ్డంగా తాడు కట్టి జవాన్లు లారీని ఆపారు. గోనె విప్పమన్నారు. సీసాలు చూడగానే వాళ్ల ముఖాలు మారాయి. ఆ రోజుల్లో మందులు పట్టుకుని ప్రయాణం చేసేవాడు అడవిలో ఉన్న దళాలకు తీసుకుపోతున్నాడేమోనన్న అనుమానం మొదట వచ్చేది. నన్ను దింపి, లారీని పక్కకు పెట్టించి, గుడారం ముందు నిలబెట్టారు. వాళ్ల అధికారికి నేను ఉర్దూలో అంతా చెప్పాను. అక్క, గొర్రెలు, ముల్లు, తెల్ల కణాలు, గోలీలు. గోలీలు ఇచ్చింది నేనే అని కూడా చెప్పాను. డాక్టరు అడిగినా దాచిపెట్టిన మాట, ముక్కూ మొహం తెలియని మనిషికి ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన చీటీని దీపం దగ్గర పెట్టి చదివాడు. ఒక సీసా ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. అది కింద పడితే అక్కకు వేయాల్సిన సూదులు పోతాయి కదా అన్నది ఒక్కటే నా ఆలోచన. చివరికి సీసాలన్నీ తానే మళ్లీ గుడ్డలో చుట్టి, తన సీసాలోని నీళ్లు గోనె మీద పోసి తడిపి ఇచ్చాడు. ఆయన తల్లి కూడా అట్లాగే గొంతు వాచి చనిపోయిందట. "జల్దీ జావో" అన్నాడు.

నేను చేరేసరికి, మోతాదు తగ్గించి అప్పటిదాకా నెట్టుకొచ్చిన డాక్టరు చివరి సీసా అడుగున మిగిలిన మందు సూదిలోకి ఎక్కిస్తున్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు లెక్కలతోనే గడిచాయి. ఐదు వందలు. ఐదు వందల యాభై. మళ్లీ ఐదు వందలు. నన్ను తిరగకుండా కూర్చోబెట్టడానికేమో, డాక్టరు నాకు సూక్ష్మదర్శినిలో చూపించాడు. గాజు పలక మీద సన్నటి గీతలతో గళ్లు ఉంటాయి, పిల్లల పలక మీద నేను గీసే ఎక్కాల పట్టికలాగా. ఆ గళ్లలో పడిన తెల్ల కణాలను లెక్కపెట్టి హెచ్చవేయాలి. వేరే రోగి నెత్తురు చూపిస్తే చేలో పిట్టలు వాలినట్టు ప్రతి గడిలో చుక్కలు. అక్క నెత్తురులో గడి తర్వాత గడి ఖాళీ. ఒక్క చుక్క కనిపిస్తే దాన్ని వదిలి కన్ను తీయబుద్ధి కాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అక్క మెలకువగా ఉన్నప్పుడు చెప్పేశాను. వరండాలో మేమిద్దరమే ఉన్నాం.

"అక్కా, నీకు ఇదంతా నేను తెచ్చిన గోలీల వల్లనే వచ్చింది."

ఆమె ఉమ్మి మింగడానికి కొంతసేపు కష్టపడింది. "తెలుసు తియ్" అంది. "డాక్టరు నీ మీద ఒర్రిన నాడే తెలిసింది."

"మరి ఏమీ అనలేదు?"

"అంటే నువ్వు కోదాడకు పోయేటోనివా? ఈడ్నే కూసుని ఏడుస్తుంటివి."

నేను నిజంగానే ఏడ్చాను. ఆమె కాసేపు చూసి, "అయ్యో, సూడు, ఇప్పుడు ఏడుస్తున్నడు" అని విసుక్కుంది. తర్వాత, "నా మందకాడ కుక్కలన్నీ సచ్చిపోయినట్టేనా ఇది?" అని అడిగింది. డాక్టరు చెప్పిన దాన్ని ఆమె అట్లా అర్థం చేసుకుంది.

అప్పుడే వరండాలోకి వచ్చిన డాక్టరు ఆ మాట విన్నాడు. "సావలేదమ్మా. పిల్లలు పుట్టుడు ఆగింది. మళ్ల ఈనాలె" అన్నాడు.

"ఈనుతయి తియ్ సారూ. జర ఓపిక పట్టు" అంది అక్క, రోగి ఆయనే అన్నట్టు.

ఐదో రోజు పొద్దున డాక్టరు లోపలి గదిలోంచి పంతులూ అని కూడా అనకుండా, "దా, దా, దా" అని మూడుసార్లు పిలిచాడు. లెక్క పదకొండు వందలు. రంగు వేసిన గాజు ముక్క మీద, వారం నుంచి కనిపించని రకం కణాలు రెండు కనిపించాయి. లేతవి, ఇంకా పూర్తిగా ఎదగనివి. మర్నాడు పంతొమ్మిది వందలు. ఆ మర్నాడు మూడు వేలు దాటింది. అదే రోజు అక్క కాలి వేలు పసుపుపచ్చగా ఉబ్బి చీము కారింది. నేనూ, డాక్టరూ, కాంపౌండరూ ముగ్గురం ఆ వేలి చుట్టూ వంగి పండుగలాగా చూశాం. అక్కకు మాకు పిచ్చెక్కిందనిపించింది. "చీమును సూసి గింత నవ్వేటోళ్లను నేనెన్నడు సూడలే" అంది.

పదిహేనో రోజు బండిలో ఊరికి తిరిగొచ్చాం. ఆమె గొర్రెల కాపరి కర్రకు బదులు నా భుజం పట్టుకుని ఇంట్లోకి నడిచింది. కోదాడకు కార్డు రాశాను. మోకాళ్ల నొప్పులు మాత్రం తిరిగొచ్చాయి. వాటికి ఆముదం కాచి పట్టించుకోవడం తప్ప ఇంక ఏమీ చేయనని ఆమే అంది. పొద్దున ఆమె గోడ పట్టుకుని లేస్తుంటే నేను ఇంట్లోంచి బయటికి పోయేవాణ్ని.

కాలు కుదురుగా నిలవక మిర్యాలగూడ పోయాను. అంగడాయనకు జరిగిందంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. విన్నంతసేపు చేతిలో పని ఆపాడు. "అక్క బాగుందా ఇప్పుడు?" అని మొదట అడిగాడు. తర్వాత, "కాని పంతులూ, డాక్టర్లే రాసిస్తున్నరు, మేం అమ్ముతున్నం. ఎంతమంది కాళ్లు లేసి నడుస్తున్నయో నీకెరుక లేదా?" అన్నాడు. నాకు ఎరుకే. నా కళ్లముందే ఒక ముసలాయన దామరచర్ల నుంచి నడిచొచ్చి అవే గోలీలు అడిగాడు. నేను ఆయన్ని పక్కకు పిలిచి, "తాతా, ఇవి మింగినంక గొంతు నొస్తే, జరమొస్తే వెంటనే ఆపు, దవాఖానకు పో" అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు డాక్టరువా?" అన్నాడు. కాదన్నాను. పొట్లం దోవతి కొంగున ముడేసుకుని వెళ్లిపోయాడు. ఆయనకు ఏమైందో నాకు తెలియదు. ఏమీ అయి ఉండదు. తొంభైతొమ్మిది మందిలో ఒకడై ఉంటాడు. అయినా చాలా ఏళ్లు మిర్యాలగూడ బజారులో ఆయన ముఖం కోసం వెతికాను.

మరుసటి చలికాలం అక్కకు గొంతు నొప్పి వచ్చింది, కాస్త ఒళ్లు వెచ్చబడింది. ఆమె వద్దంటున్నా వినకుండా బండి కట్టించాను. సూర్యాపేట చేరేదాకా ఆమె తుమ్ముతూనే ఉంది. డాక్టరు నెత్తురు తీసి లెక్కపెడుతుంటే నేను మళ్లీ కిటికీకీ తలుపుకూ మధ్య తిరిగాను. ఈసారి నేల ఊగుతోందని ఆయన అనలేదు. లెక్క ముగించి, కుర్చీలోంచి లేచి, నన్ను కూర్చోబెట్టి చూడమన్నాడు. ప్రతి గడిలో చుక్కలు. ఏడు వేల పైచిలుకు.

"పడిశం" అన్నాడు డాక్టరు. "మిరియాల పాలు పొయ్యి."

తిరుగుదారిలో అక్క నన్ను తిట్టని మైలురాయి లేదు. ముక్కు కారితే బండి కట్టిస్తావా, ఎద్దులను సంపుతావా, గొర్రెలను ఎవలు కాస్తరు, డాక్టరు ముందు నా ఇజ్జత్ తీసినవ్ అని. ఊరు కనిపించేసరికి తిట్టడం ఆపి, "ఇగ నాకు జరమొస్తే నీకు జెప్పనే జెప్ప" అంది.

అన్నంత పనీ చేసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికింది. ఏ చిన్న జబ్బు చేసినా నాకు తెలియకుండా దాచేది. నాకు పెళ్లయి పక్క ఇంట్లో కాపురం పెట్టాక కూడా, తెల్లవారుజామున గోడ ఇవతల నిలబడి ఆమె దగ్గు వినేవాణ్ని. అది దుమ్ము దగ్గా, జ్వరం దగ్గా అని. గోడ అవతల ఆమె నా అడుగుల చప్పుడు విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.